ట్యూబు కొట్టుడు తర్వాత, ముందు గడ్డి వెయ్యండి

పోస్టు పెద్దగుంటది, ముందే చెప్తున్న. డ్యూటీ దిగి, తిని, కాళ్లు చాపుకుని చదవండి.

మొన్న మన వాట్సాప్ గ్రూపుల ఒక తమ్ముడు అడిగిండు. గుర్రం దాణా సగం తిని వదిలేస్తుంది, జీను పట్టీ బిగిస్తుంటే పళ్లు చూపిస్తుంది, చెవులు వెనక్కి పెడుతుంది, ఏం చెయ్యాలె అని. దానికి ఒక సీనియర్ అన్న ఇచ్చిన జవాబు: "అల్సర్ తమ్మీ. నెల రోజులు ట్యూబు కొట్టు. అయినంక ఇంకో నెల కొట్టు. టెన్షన్ లేదు." దాని కింద చానా మంది బొటనవేలు గుర్తు పెట్టిన్రు. ఒక్కరన్నా "ఆ గుర్రానికి రాత్రి గడ్డి ఎన్ని గంటలకు వేస్తున్నవు?" అని అడగలేదు. నా కోపం అక్కడ.

మందు మీద నాకు ఏ పంచాయితీ లేదు. ఒమెప్రజోల్ మంచి మందు. పుండ్లతో బాధపడే గుర్రానికి అది ఇవ్వకుండా "మెల్లగ తగ్గుతదిలే" అనేటోడు నా దృష్టిలో ఇంకా పెద్ద తప్పు చేస్తున్నట్టు. కానీ గడ్డి ఖర్చు మిగిల్చుకోవడానికి, మనిషి డ్యూటీ ఒక గంట తగ్గించుకోవడానికి, ఆ లోటును ట్యూబుతో పూడుస్తున్నరు చూడండి, దాని మీద నా పంచాయితీ.

ముందు గుర్రం కడుపు సంగతి. మనకు అన్నం చూస్తే, వాసన వస్తే, తింటే ఆమ్లం ఎక్కువ ఊరుతది. గుర్రానికి అట్ల కాదు. తిన్నా తినకపోయినా 24 గంటలూ ఊరుతనే ఉంటది. ఎందుకంటె దాన్ని దేవుడు రోజుకు 16, 17 గంటలు మేసే జంతువుగ పుట్టించిండు. 500 కిలోల ఒళ్లు, కడుపు మాత్రం 8 నుంచి 15 లీటర్లే. కొంచెం కొంచెం, ఎప్పుడూ పడుతుండాలె. ఇంకో ముచ్చట, మనకు నోట్లో ఊరికెనే నీళ్లూరుతయి. గుర్రానికి నమిలితేనే లాలాజలం వస్తది. ఆ లాలాజలంలోనే ఆమ్లాన్ని చల్లార్చే సోడా గుణం ఉంది. అంటె గడ్డి నమలని గంట, మందు లేని గంట. గుర్రానికి దేవుడిచ్చిన మొదటి మందు దాని దవడల్లోనే ఉంది.

కడుపు లోపల రెండు భాగాలు. కింది భాగానికి జిగురు పొర ఉంటది, ఆమ్లానికి తట్టుకుంటది. పై భాగానికి ఆ పొర లేదు, అన్నవాహిక లోపలి తోలు లాంటిదే. కడుపుల గడ్డి ఉంటే అది ఆమ్లం మీద చాప పరిచినట్టు ఉంటది. ఖాళీ కడుపుతో గుర్రాన్ని ఉరికిస్తే పొట్ట కండరాలు బిగిసి కడుపును పిండుతయి, కింది ఆమ్లం పైకి ఎగజిమ్ముతది. నడకకు అంత కాదు, దౌడు మొదలైతెనే ఈ పిండుడు. పొద్దున నాలుగున్నరకు లేపి, ఏమీ పెట్టకుండ, "కడుపు తేలికగ ఉంటే బాగ ఉరుకుతది" అని ట్రాక్ మీదికి తీస్కపోయే అలవాటు ఉంది కదా, అది పై భాగం పుండ్లకు పిలిచి పీట వేసినట్టు.

ఎంత పెద్ద సమస్యనో చెప్తె నమ్మరు. 2015ల యూరప్ గుర్రాల వైద్య నిపుణులు అందరూ కలిసి ఒక పత్రం రాసిన్రు. శిక్షణ మొదలుకాని థరోబ్రెడ్ గుర్రాలల్ల పై భాగం పుండ్లు 37 శాతం వరకు ఉంటే, శిక్షణ మొదలైన రెండు మూడు నెలలకే అది 80 నుంచి 100 శాతం అవుతదని అందులో ఉంది. మళ్లీ చదవండి. రెండు మూడు నెలల్ల. రక్తంలో ఏదో లోపంతోటి వచ్చిన రోగమైతే ఇంత తొందరగ ఇంత మందికి అంటుకుంటదా? మన టైంటేబుల్ తెచ్చిన రోగం ఇది.

మనుషుల అల్సర్ కథతోటి దీన్ని కలపకండి. మనుషులకు హెలికోబాక్టర్ పైలొరీ అనే సూక్ష్మక్రిమి పెద్ద కారణమని కనిపెట్టినందుకు ఆస్ట్రేలియా డాక్టర్లు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005ల నోబెల్ వచ్చింది. అందుకె మనకు యాంటీబయాటిక్ రాస్తరు. గుర్రాలల్ల ఆ క్రిమే కారణమని తేలలేదు. కాబట్టి "మా ఊర్ల మా బాబాయికి ఈ కోర్సు ఇచ్చిన్రు, గుర్రానికి కూడా ఇద్దాం" అనే తెలివి దగ్గర పెట్టుకోండి.

ఇప్పుడు ట్యూబు సంగతి. గుర్రాలకని తయారు చేసిన ఒమెప్రజోల్ పేస్టు 1999ల అమెరికాల అనుమతి పొందింది. చికిత్సకు కిలో బరువుకు 4 మిల్లీగ్రాములు, రోజుకు ఒక్కసారి, 28 రోజులు. రాకుండ చూసుకోవడానికి కిలోకు 1 మిల్లీగ్రాము. ఒక్క ట్యూబుల 2.28 గ్రాముల మందు ఉంటది. ఒక్క ట్యూబు ధర నా ఒక రోజు జీతం కంటె ఎక్కువ. అందుకె దాన్ని సరిగ్గ ఇవ్వడం నేర్చుకోవాలని అంటున్న.

ఎట్ల ఇస్తున్నరు చాలా చోట్ల? పొద్దున దాణా బకెట్ ముందు పెట్టి, గుర్రం సగం తిన్నంక, నోట్లె గడ్డి ఉండంగనే పక్క నుంచి పేస్టు కొడతరు. సగం పేస్టు నమిలిన దాణాతో కింద పడుతది. మిగతాది నిండు కడుపుల పోయి సరిగ్గ ఇంకదు. ఒమెప్రజోల్ పనిచేసేది ఆమ్లాన్ని తోడే చిన్న చిన్న పంపుల మీద. పంపు తిరుగుతున్నప్పుడే దాన్ని పట్టుకుంటది. ముందు మందు రక్తంలకు పోవాలె, తర్వాత తిండి పడి పంపులు మొదలవ్వాలె. కాబట్టి పొద్దున మొట్టమొదట, దాణా గడ్డి ఏమీ ముందు లేకుండ, నోరు చూసి ఏం లేదని తెలుసుకుని ట్యూబు. అరగంట నుంచి గంట ఆగి గడ్డి. ఆ తర్వాత దాణా. ఆ తర్వాతనే జీను. గుర్రాలు తెల్లవారుఝామున తమంతట తామే మేత తగ్గిస్తయి కాబట్టి దీని కోసం రాత్రంతా ఎండబెట్టే అవసరం లేదు. "ట్యూబు ఖాళీ కడుపుకు ఇయ్యాలె కదన్నా" అని సాయంత్రం ఆరు నుంచే గడ్డి బంద్ పెట్టిన ఒక మహానుభావుని గురించి విన్న. రోగం తెచ్చేది కూడ తనే, మందు ఇచ్చేది కూడ తనే.

ఇంకో తెలివి, మన తెలుగోళ్ల తెలివి. మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వాళ్ల ఒమెజ్ ఎవరికి తెల్వదు? ప్రతి ఇంట్లో డబ్బాల ఉంటది. సెలవుకు పోయొచ్చేటప్పుడు మన సంచిల కూడ ఉంటది. "అదే ఒమెప్రజోల్ కదా, పది గోలీలు విప్పి దాణాల కలుపుదాం, అగ్గువ పడుతది" అని ఒకాయన సలహా. లెక్క కట్టండి. 500 కిలోల గుర్రానికి 4 మిల్లీగ్రాముల చొప్పున 2000 మిల్లీగ్రాములు. ఒమెజ్ గోలీల 20 మిల్లీగ్రాములు. రోజుకు 100 గోలీలు! పది గోలీలు ఏ మూలకు? పైగ ఒమెప్రజోల్‌కు ఆమ్లం అంటే పడదు. ఆమ్లం తగిలితె మందు అక్కడనే పాడైపోతది. అందుకె గోలీల లోపల చిన్న చిన్న గుండ్లకు పూత పూస్తరు, అది పేగుల దాకా పోయి కరగాలని. మనిషి మింగుతడు, గుర్రం నములుతది. ఆ దవడల కింద పూత నిలుస్తదా? గుర్రాల కోసం తయారైన పేస్టులో ఆమ్లాన్ని చల్లార్చే పదార్థం కలిపి ఉంటది, లేకపోతె పూత వేసిన గుండ్లు కొలతగ తయారుచేసి ఉంటరు. ఎవరో చిన్న సీసాల కలిపి ఇచ్చిన లేబుల్ లేని ద్రావణాలు చాలా వరకు చెప్పిన మోతాదు కూడ ఉండయని పరీక్షలల్ల తేలింది. అగ్గువ మందు ఇచ్చి 28 రోజుల తర్వాత "ఒమెప్రజోల్ పనిచెయ్యదు" అని మందును తిట్టుడు ఎందుకు?

ఇంక రానిటిడిన్ పాత స్ట్రిప్పులు దాచిపెట్టుకున్నోళ్లు కూడ ఉన్నరు. గుర్రానికి అది రోజుకు మూడు సార్లు పడాలె, మన డ్యూటీలల్ల ఆ మూడో సారి ఎవరిస్తరు? పైగ 2019 సెప్టెంబర్‌ల సింగపూర్ హెల్త్ సైన్సెస్ అథారిటీ 8 రానిటిడిన్ బ్రాండ్లను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది, అందుల అనుమానం ఉన్న మలినం ఉన్నదని. అది మీ కడుపుకూ వద్దు. పారెయ్యండి.

అసలు పెద్ద ముచ్చట ఇది. ట్యూబు ఇస్తె అన్ని పుండ్లు మానవు. పై భాగం పుండ్లు నాలుగు వారాల ఒమెప్రజోల్‌తో నాలుగింట మూడు వంతుల గుర్రాలల్ల మానుతయి. కింది భాగం, జిగురు పొర ఉన్న భాగం పుండ్లు ఒమెప్రజోల్ ఒక్కటే ఇస్తె నాలుగింట ఒక వంతే మానుతయి. ఇది కూడ ఆ 2015 పత్రంలనే ఉంది. రెండూ వేరు వేరు రోగాలు, కారణాలు వేరు, మందులు వేరు. కింది భాగానికి ఒమెప్రజోల్‌తో పాటు సుక్రాల్‌ఫేట్ రాస్తరు, అది పుండు మీద పట్టీ లాగ అతుక్కుంటది. కొన్ని చోట్ల మిసోప్రోస్టోల్ రాస్తరు. ఈ చివరిది గుర్తు పెట్టుకోండి: కడుపుతో ఉన్న ఆడవాళ్లు దాన్ని ముట్టుకోవద్దు, గర్భం పోయే ప్రమాదం ఉంది. స్టేబుల్‌ల అక్కచెల్లెళ్లు పనిచేస్తుంటె ఆ డబ్బా మీద తెలుగుల, తమిళంల, బెంగాలీల పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. మగవాళ్లు కూడ గ్లౌజులు వేసుకునే పట్టాలె. ఇది మనకు ఎవరు చెప్తున్నరు? డబ్బా చేతికిచ్చి "గివ్ టూ టైమ్స్" అంటరు, అయిపోయింది.

ఏ భాగంల పుండు ఉన్నదో బయటి నుంచి చూసి ఎవరూ చెప్పలేరు, నేనైనా, ట్రైనర్ అయినా. మూడు మీటర్ల గొట్టం ముక్కు నుంచి కడుపుల దాకా పంపి చూస్తెనే తెలుస్తది. పుండ్లకు 0 నుంచి 4 వరకు గ్రేడు ఇస్తరు. "స్కోపు ఎందుకు, ఖర్చు దండగ, ట్యూబు కొట్టి చూద్దాం" అనే ఓనర్‌కు ఒక లెక్క చెప్పండి: 28 ట్యూబుల ధర పక్కన స్కోపు ధర పెట్టి చూడమనండి. గుడ్డిగ కొట్టిన నెలంతా కింది భాగం పుండు అట్లనే ఉంటది, గుర్రం అట్లనే బాధపడుతది, మనం అట్లనే తన్నులు తింటం.

తన్నులంటే గుర్తొచ్చింది. నేను ఇంతకు ముందు పనిచేసిన ఒక చోట, పేరు ఎందుకు, ఒక బే రంగు ఆడ గుర్రం ఉండె. పట్టీ బిగించంగనే తిరిగి కరిచేది. అందరూ దానికి "పొగరు" అని పేరు పెట్టిన్రు. కొత్తగ వచ్చిన పిల్లలకు దాన్నే ఇచ్చి నవ్వేటోళ్లు. దాని మూతికి గట్టి పట్టీ కట్టిన్రు, దెబ్బలు కూడ పడ్డయి. ఆరు నెలలకు వేరే కారణంతో డాక్టర్ స్కోపు వేస్తె గ్రేడు 3. ఆ రోజు స్క్రీను మీద ఎర్రగ, పచ్చిగ ఉన్న ఆ కడుపు చూసిన. నోరు లేని జీవి ఆరు నెలలు రోజూ పొద్దున పట్టీ దగ్గర చెప్తూనే ఉంది. పొగరు అని రాసుకున్నరు దాని కార్డుల. మందుతో, గడ్డితో, పది వారాలకు అది మనిషి మీదికి రావడం మానేసింది. ఆ కార్డుల మాట మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు.

నొప్పి మందుల దగ్గరకు వస్తె, "కొండ నాలుకకు మందేస్తె ఉన్న నాలుక ఊడింది" అన్న సామెత దీని కోసమె పుట్టింది. కాలు నొప్పికి బ్యూట్, అంటె ఫినైల్‌బ్యూటజోన్, రోజుల తరబడి ఇస్తె అది కడుపు కింది భాగం జిగురు పొరనే పలచగ చేస్తది. "దాని మీద ఒమెప్రజోల్ కలిపి ఇస్తె సరిపోతది" అనుకుంటరు. 2021ల అచ్చయిన ఒక అధ్యయనంల రెండూ కలిపి ఇచ్చిన గుర్రాలకు కడుపుల పుండ్లు తగ్గినయి గానీ పేగుల ఇబ్బందులు ఎక్కువ కనిపించినయి. కాబట్టి రెండు డబ్బాలు ఒకే బకెట్ల పడుతుంటె నోరు మూసుకుని ఉండకండి. డాక్టర్‌ను అడగండి: "సార్, రెండూ ఎన్ని రోజులు?" అంతే, ఆ ఒక్క ప్రశ్న. ప్రశ్న అడిగితె పర్మిట్ పోదు.

మందు ఆపడం ఇంకో కథ. 28 రోజులు అయిపోయింది, ట్యూబులు అయిపోయినయి, మర్నాడు నుంచి బంద్. ఇన్ని రోజులు అణిగి ఉన్న ఆమ్లం ఒక్కసారి ఎగదన్నుతది. వారంల గుర్రం మళ్లీ దాణా వదిలేస్తది. అప్పుడు అందరూ "చూసినవా, ట్యూబు లేకపోతె బతకదు" అని ఇంకో పెట్టె తెప్పిస్తరు. పెట్టె అమ్మేటోనికి ఇంతకంటె పండుగ ఏముంది? డాక్టర్‌ను అడిగి మెల్లగ మోతాదు తగ్గించుకుంటూ రావాలె, ఆ రోజులల్ల గడ్డి ఎక్కువ చెయ్యాలె, పని తగ్గించాలె. రేసుల లెక్కల చాలా దేశాలల్ల పోటీకి ముందు ఈ మందు ఆపాలనే నిబంధన ఉంది, అంటె సరిగ్గ గుర్రానికి ఒత్తిడి ఎక్కువ ఉన్న రోజునే కవచం తీసేస్తున్నం. ఎఫ్‌ఈఐ పోటీలల్ల, అంటె జంపింగ్, డ్రెస్సాజ్ లల్ల, ఒమెప్రజోల్‌కు అనుమతి ఉంది. ఏ పోటీకి ఏ రూలో తెల్వకుండ "అందరూ ఇస్తున్నరు" అని ఇచ్చినా తప్పే, "రూలు ఒప్పుకోదు" అని రైడింగ్ స్కూలు గుర్రానికి ఆపినా తప్పే.

ఇప్పుడు గడ్డి. ఇక్కడ నన్ను కొట్టడానికి వచ్చే వాదనలు నాకు ఎరుకే. "సింగపూర్ల గడ్డి పండదు తమ్మీ. ప్రతి కట్టా ఓడల వస్తది. ఆస్ట్రేలియా నుంచి, అమెరికా నుంచి. ఇది మీ ఊరు కాదు, చేనుల కోసుకొచ్చి వెయ్యనీకి." నిజమే. గడ్డి ఖరీదే. ఇక్కడి తేమకు కట్ట విప్పినంక బూజు పట్టడం కూడ నిజమే. ఆ ఖరీదైన గడ్డిని మిగిల్చి అంతకంటె ఖరీదైన ట్యూబులు కొంటున్నరు కదా, ఆ లెక్క ఎవరు వేసిన్రు? 500 కిలోల గుర్రానికి రోజుకు కనీసం ఒళ్లు బరువుల 1.5 శాతం మేత, అంటె 7.5 కిలోలు, అదీ తేమ తీసేసిన లెక్కల. ఆ గడ్డిని రెండు పూటలు కుప్ప పోస్తె రెండు గంటల్ల ఊడ్చేస్తది. చిన్న కన్నుల వల సంచిల పెట్టి నాలుగైదు పూటలు చేస్తె అదే గడ్డి రోజంతా నడుస్తది. ఖర్చు పెరగదు, మనిషి పని పెరుగుతది. అసలు అడ్డం అదే. ఆరు గంటలకు మించి మేత లేకుండ గుర్రం నిలబడొద్దని నిపుణుల మాట. సాయంత్రం ఐదింటికి చివరి గడ్డి వేసి, పొద్దున ఐదింటికి తలుపు తెరిచే స్టేబుల్‌ల పన్నెండు గంటలు. ఆ రాత్రి తొమ్మిదిన్నర గడ్డికి ఒక మనిషికి ఓవర్‌టైం ఇస్తె ఎన్ని ట్యూబులు మిగులుతయో ఒక్క ఓనర్‌కు ఎవరన్నా కట్టి చూపించిన్రా?

దాణా గురించి "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు" అని మన పెద్దలు అన్నరు. అప్పుడు దాణా అంటె ఉలవ గుగ్గిళ్లు, పొట్టు, కొంచెం. ఇప్పుడు బస్తాల వచ్చే తీపి దాణా, పిండి పదార్థం నిండా. ఒళ్లు బరువుల కిలోకు రోజుకు 2 గ్రాముల కంటె ఎక్కువ పిండి పదార్థం పడొద్దు, ఒక్క పూటకు 1 గ్రాము దాటొద్దు. అంటె 500 కిలోల గుర్రానికి పూటకు అరకిలో పిండి పదార్థం దాటొద్దు. బస్తా మీద రాసి ఉంటది, ఫోను ఎత్తి ఫోటో తీసి చదువుకోండి. లూసర్న్ గడ్డి దొరికితె కొంచెం కలపండి, దాంట్ల కాల్షియం ఎక్కువ, ఆమ్లాన్ని చల్లబరుస్తది. జీను వేసేముందు ఒక దోసెడు లూసర్న్ ముక్కలు, అరగంట ముందు. "కడుపు బరువైతది" అన్న ట్రైనర్‌కు చెప్పండి: ఒక దోసెడు గడ్డి బరువు ఎంత, పదిహేను లీటర్ల కడుపుల అది ఎంత అని.

మజ్జిగ, కలబంద, తినే సోడా వైద్యులు కూడ కామెంట్లలకు వస్తరని తెలుసు. తినే సోడా ఆమ్లాన్ని చల్లార్చుతది, అబద్ధం కాదు, ఒక గంట సేపు. గంటకోసారి మీరు పోయి వెయ్యగలిగితె వెయ్యండి. "నేచురల్ గట్ బూస్టర్" అని డబ్బా మీద గుర్రం బొమ్మ వేసి అమ్మేటోళ్ల సంగతి వేరే పోస్టు రాస్త.

ఇంకొక్క ముచ్చట, ఇది మన గురించే. 2016ల ఫిన్లాండ్‌ల ఒక గుర్రాల ఆసుపత్రిల చేసిన అధ్యయనంల తేలింది: కడుపు కింది భాగం పుండ్లు ఉన్న గుర్రాలను చూసుకునే మనుషుల సంఖ్య ఎక్కువగ ఉంది అని. ఒక గుర్రానికి చేతులు మారినకొద్ది ఇబ్బంది. వారానికి ఐదు రోజులకు మించి పని చేయించినా ఇదే గొడవ అని ఇంకా కొన్ని అధ్యయనాలు. ఇప్పుడు చెప్పండి, రెండేళ్ల పర్మిట్ మీద మనిషిని తెచ్చి, గుర్రం ఆయన వాసన పట్టుకునేసరికి పంపేసి ఇంకొకర్ని తెచ్చుడు, ఒక్క సైసుకు గుర్రాల సంఖ్య పెంచుకుంట పోవుడు, ఇవన్నీ ఎవరి కడుపుల పడుతున్నయి? గుర్రం కడుపుల పడుతున్నయి. సైసు పాతబడితె జీతం పెంచాలని భయపడే స్టేబుల్ ఆ డబ్బు మందుల షాపుకు కడుతుంది.

క్రాంజీ మూసినప్పటి నుంచి ఇది ఇంకా ఎక్కువైంది. 1843ల ఫారర్ పార్క్ దగ్గర మొదలైన రేసులు, 1933ల బుకిట్ తిమా, 1999ల క్రాంజీ, 2024 అక్టోబర్ 5న ఆఖరి రేసు. ఆదివారం మనం టెక్కా పోయి, పెరుమాళ్ గుడి దగ్గర దిగి నడిచే రేస్ కోర్స్ రోడ్డుకు ఆ పేరు ఎందుకొచ్చిందో చాలా మందికి తెల్వదు. అక్కడ నిజంగనే గుర్రాలు ఉరికినయి. 2023 జూన్‌ల మూసేస్తమని చెప్పిననాటి నుంచి గుర్రాలు వేరే దేశాలకు పోయినయి, ఎన్నో ఏండ్ల అనుభవం ఉన్న సైసులు తలోదిక్కు పోయిన్రు. ఏ గుర్రం రాత్రి ఎన్నింటికి గోడకు తల ఆనిస్తదో, ఏది పండుకునే ముందు పొట్ట వైపు చూసుకుంటదో, ఆ లెక్కలు ఏ కంప్యూటర్లనూ లేవు, ఆ మనుషుల తలకాయలల్లనే ఉండె. ఇప్పుడు మిగిలింది రైడింగ్ క్లబ్బులు, పోలో. అక్కడ పిల్లలు నేర్చుకునే గుర్రాల మీద ఒక్క రోజుల ముగ్గురు నలుగురు ఎక్కుతరు. అవి రేసు గుర్రాలు కాకపోయినా కడుపు అదే కడుపు.

ఇంతకీ మన కడుపు సంగతి? ఈ మాట రాయకుండ ఉండలేను. గుర్రానికి పుండు అంటె మూడు మీటర్ల గొట్టం, స్క్రీను, నెల ట్యూబులు. మనం నాలుగింటికి లేచి, ఖాళీ కడుపు మీద మూడు చక్కెరల టీ తాగి, తెల్లారకముందే వచ్చిన క్యాటరింగ్ అన్నం పొట్లాన్ని మధ్యాహ్నం ఒంటిగంటకు, అదీ వేడికి వాసన తిరిగినంక తిని, నడుం నొప్పికి ఐబూప్రొఫెన్ మింగుతం. బ్యూట్ గుర్రానికి ఏం చేస్తదో ఐబూప్రొఫెన్ మనకు అదే చేస్తది. గుర్రం లెక్కనే ఆకలి కడుపుతో ఉరుకుతున్నం. రెండు వారాలు దాటి కడుపుల మంట, నల్లటి మలం, వాంతి లో రక్తం ఉంటె డాక్టర్ దగ్గరకు పోండి, ఒమెజ్ డబ్బాతో నెట్టకండి. నల్లటి మలం కనిపించిన రోజు రెండు వారాలు కూడ ఆగొద్దు, అదే రోజు ఆసుపత్రికి. కంపెనీ ఏమంటదో తర్వాత చూసుకుందాం.

సీనియర్ అన్నకు నా మాట ఇది. అన్నా, నీ అనుభవానికి దండం. ఆ తమ్మునికి ట్యూబు చెప్పినవు, బాగనే ఉంది. కానీ ముందు అడుగు: చివరి గడ్డి ఎన్నింటికి, మొదటి గడ్డి ఎన్నింటికి, జీను ఎన్నింటికి, బ్యూట్ నడుస్తుందా, స్కోపు వేసిన్రా, వారానికి ఎన్ని రోజులు పని. ఈ ఆరు జవాబులు వచ్చినంక ట్యూబు ఎట్ల ఇయ్యాల్నో, ఎన్ని రోజులో డాక్టర్ చెప్తడు, మనం ఇద్దాం.

మలక్‌పేట అన్నలు, బెంగళూరు, పుణె, మలేషియాల ఉన్నోళ్లు, మీ దగ్గర రాత్రి ఆఖరి గడ్డి ఎన్ని గంటలకు పడుతుందో కింద రాయండి. స్టేబుల్ పేరు రాయొద్దు, గంట రాస్తె చాలు. ఆ గంటలన్నీ ఒక కాగితం మీద రాసుకుని మా మేనేజర్ ముందు పెడదామని ఉంది.